మోటారు కట్టేసేది ఎవరు? పిల్లల పనులకు టైమర్లు, అలారాలు: ఏది కొనొచ్చు, ఏది దండగ

"నాన్నా, మోటారు వేశాను, అరగంటకి కట్టేయ్" అని చెప్పి అమ్మ స్నానానికి వెళ్తుంది. పదేళ్ళవాడు టీవీ మీంచి చూపు తిప్పకుండానే "ఊఁ" అంటాడు. ముప్పావుగంటకి ట్యాంకు పొంగి, డాబా మీది నీళ్ళు తూములోంచి వీధిలోకి పోతుంటాయి. "నేనేం చెప్పాను?" అని గద్దిస్తే తడుముకోకుండా అప్పజెప్తాడు: "అరగంటకి మోటారు కట్టెయ్యమన్నావు." అంటే పని గుర్తుంది. గడియారం వంక చూడాలన్నదే తట్టలేదు.

పిల్లలకి టైమర్ కొనేముందు ఈ తేడా పట్టుకోవాలి. పట్టుకోకపోతే చేతికందిన అలారం ఏదో కొంటాం, అది రెండు వారాలు మోగుతుంది, మూడో వారం సొరుగులోకి పోతుంది.

చేయబోయే పని వేళకి గుర్తు రావడాన్ని మనస్తత్వ శాస్త్రంలో ప్రాస్పెక్టివ్ మెమరీ అంటారు. 1990లో ఐన్‌స్టైన్, మెక్‌డేనియల్ అనే పరిశోధకులు (ఆ ఐన్‌స్టైన్ కాదు) ఇందులో రెండు రకాలు విడదీశారు. ఒకటి, ఏదో జరిగినప్పుడు చేయాల్సిన పని: కుక్కర్ మూడో విజిల్ వేయగానే అమ్మని పిలవడం. రెండోది, ఫలానా సమయానికి చేయాల్సిన పని: అరగంటకి మోటారు కట్టేయడం. మొదటిదాంట్లో విజిలే వచ్చి పిల్లవాడిని లేపుతుంది. రెండోదాంట్లో ఎవరూ లేపరు. ఆట మధ్యలో తనంతట తానే ఆగి గడియారం వంక చూడాలి. పిల్లలకి కష్టం ఆ ఆగడంలోనే ఉంది.

ఇష్టమైన పనైతే సంగతి వేరు. 1983లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి, ఫలానా పని అమ్మకి గుర్తు చేసే బాధ్యత అప్పగించారు. మిఠాయి లాంటి ఇష్టమైన సంగతి, అదీ కాసేపట్లోనే చెప్పాల్సింది అయితే, రెండేళ్ళవాళ్ళు కూడా పదికి ఎనిమిదిసార్లు గుర్తు చేశారు. ఉతికిన బట్టలు లోపలికి తేవడం లాంటివి అంతగా గుర్తు రాలేదు. "ఐస్‌క్రీం అయితే గుర్తుంటుంది, మోటారైతే ఉండదు" అని మన ఇళ్ళలో దెప్పేది నిజమేనన్నమాట. కాకపోతే అది మొండితనం కాదు, ఆ వయసు తీరు.

టైమర్లు ఎంచడానికి అంతకంటే పనికొచ్చే ప్రయోగం 1985 నాటిది. స్టీఫెన్ సెసి, యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్ అనే ఇద్దరు అమెరికాలో పదేళ్ళ, పద్నాలుగేళ్ళ పిల్లలకి ఒక పని పెట్టారు. ఓవెన్లో కేకులు ఉన్నాయి, 30 నిమిషాలకి తీయాలి. ఈలోగా వీడియో గేమ్ ఆడుకోవచ్చు. గడియారం మాత్రం వీపు వెనక ఉంటుంది, చూడాలంటే తల తిప్పాలి. ఎన్నిసార్లు తిప్పారో లెక్కపెట్టారు. అలవాటైన ఇంట్లో చేసిన పిల్లలు మొదట్లో కొన్నిసార్లు చూసి కాలం ఎంత వేగంగా నడుస్తోందో అంచనా కట్టుకున్నారు, మధ్యలో హాయిగా ఆడుకున్నారు, చివర్లో మళ్ళీ వెంటవెంటనే చూశారు. కొత్త చోటైన ప్రయోగశాలలో ఉన్నవాళ్ళు ఆందోళనగా ఎక్కువసార్లు చూశారు.

మొదట్లో రెండు మూడు చూపులు, మధ్యలో ఆట, చివర్లో చూపు మీద చూపు: కింద చెప్పే ప్రతి వస్తువునీ ఈ లెక్కతోనే చూశాం. ఆ చూపులు అలవాటు చేస్తుందా, లేక చూడాల్సిన అవసరమే లేకుండా చేస్తుందా? రెండూ పనికొచ్చేవే, కానీ ఒకే పనికి కాదు.

ఎర్ర బిళ్ళ టైమర్

అన్నిటికంటే మెచ్చుకోదగ్గది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువ చెప్పాలి. చూడ్డానికి చిన్న గడియారంలా ఉంటుంది, అంకెలు 0 నుంచి 60 వరకు. మధ్యలో ఉన్న నాబ్ తిప్పితే తెల్లటి ముఖం మీద ఎర్రటి బిళ్ళ విచ్చుకుంటుంది. 30 దగ్గర ఆపితే సగం ముఖం ఎర్రగా మారుతుంది. అక్కడి నుంచి ఆ ఎరుపు కొంచెం కొంచెంగా తరుగుతూ పోయి, సున్నాకి చేరగానే బీప్ కొడుతుంది. టైమ్ టైమర్ పేరుతో దీన్ని 1994లో అమెరికాలోని సిన్సినాటీలో జాన్ రోజర్స్ అనే తల్లి తన కూతురి కోసం తయారు చేసింది. "ఇంకా ఎంతసేపు?" అన్న ప్రశ్నకి చిన్నపిల్లకి కంటికి కనబడే జవాబు కావాలన్నది ఆమె ఆలోచన. ఇప్పుడు అదే పోలికతో బోలెడన్ని నకళ్ళు దొరుకుతున్నాయి. అసలుది దిగుమతి సరుకు కాబట్టి మన దగ్గర ధర గట్టిగానే ఉంటుంది. నకళ్ళు వెయ్యి రూపాయలకి అటూ ఇటూగా వస్తాయి. ఇంటి వాడకానికి నకలు చాలు.

దీని గొప్ప ఎక్కడుందంటే, గడియారం చూడటం రాని పిల్లకి కూడా ఒక్క చూపులో సంగతి తెలుస్తుంది. మామూలు గోడ గడియారం చూసి "ఎనిమిదీ పది అయ్యింది, ఎనిమిదిన్నరకి కట్టెయ్యాలి, అంటే ఇంకా ఇరవై నిమిషాలు" అని లెక్క కట్టాలంటే మూడు మెట్లు ఎక్కాలి. రెండో తరగతి పిల్లలకి ఆ లెక్కే ఒక పని, దానికే ఆట పాడైపోతుంది. అందుకే అసలు చూడరు. ఎరుపు ఎంత మిగిలిందో చూడటానికి లెక్కతో పని లేదు. చూపు ఖరీదు తగ్గితే చూపులు పెరుగుతాయి, అంతే కిటుకు.

కొనేటప్పుడు చూడాల్సింది ముందు సైజు. 3 అంగుళాలది చదువుకునే బల్ల మీదికి సరిపోతుంది. హాల్లో ఒక మూల పెట్టి రెండో మూల నుంచి చూడాలంటే 7, 8 అంగుళాలు ఉండాల్సిందే, చిన్నదాంట్లో ఆఖరి ఐదు నిమిషాల ఎర్ర చీలిక దూరానికి ఆనదు. ఆ ఆఖరి ఐదు నిమిషాలే మనకి కావాల్సింది. తర్వాత, మోత ఆపే స్విచ్ ఉందో లేదో చూడండి. దాని అవసరం చివర్లో తెలుస్తుంది. బిళ్ళకి పైన పారదర్శకమైన మూత ఉంటే మేలు. లేకపోతే చిన్నవాళ్ళు బిళ్ళని వేలితో నెట్టేసి "అయిపోయింది" అంటారు, ఆ తెలివి అందరికీ ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. నాబ్‌ని గడియారం ముల్లు తిరిగే దిశకి ఎదురుగా తిప్పాలి, అంకెలు కూడా ఆ వరసలోనే ఉంటాయి. గోడ గడియారంలో పన్నెండుకి కుడి పక్కన ఉండాల్సిన ఐదు నిమిషాల చోటు ఇక్కడ ఎడమ పక్కకి వస్తుంది. అప్పుడప్పుడే గడియారం నేర్చుకుంటున్న పిల్ల గందరగోళపడుతుంది. అంకెలు చదివించకండి. "ఎరుపు ఎంత మిగిలింది, బుజ్జీ?" అని మాత్రమే అడగండి. "సగం", "దోసె ముక్కంత", "గీతంత" అంటే చాలు. ఇంకొకటి, ఐదు నిమిషాల లోపు పనులకి ఇది పనికిరాదు. బిళ్ళ అంచు పెట్టడంలోనే ఒక నిమిషం తేడా వస్తుంది. సెల్ బలహీనపడితే బిళ్ళ వెనకబడుతుంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది. నెలకోసారి ఫోన్ టైమర్ పక్కన పెట్టి 30 నిమిషాలు సరిచూసుకోవాలి.

ఎక్కడ పెట్టాలన్నది కొనడం కంటే ముఖ్యం. టీవీ కిందే పెడితే ఎప్పుడూ కళ్ళెదురుగా ఉంటుంది కాబట్టి నాలుగు రోజుల్లో గోడలో కలిసిపోతుంది. వంటింట్లో పెడితే లేచి వెళ్ళాలి, వెళ్ళరు. పిల్ల కూర్చునే చోటుకి పక్కగా, కళ్ళ ఎత్తులో, తల తిప్పితే చాలు అనేట్టు పెట్టండి. మొదటి వారం పెద్దవాళ్ళు పక్కనే ఉండి ఎన్నిసార్లు తల తిప్పిందో చూడండి. ఒక్కసారి కూడా చూడకుండా బీప్ కోసం కూర్చుంటే టైమర్ పనిచేస్తున్నట్టే గానీ పిల్ల నేర్చుకోవడం లేదు. నిమిషానికోసారి చూస్తూ ఆట మానేస్తే అది భయం, టైమర్‌ని ఇంకాస్త పక్కకి జరిపి, "మర్చిపోతే చూసుకుందాంలే" అనాల్సిన సందర్భం.

పెట్టే పద్ధతి: నాబ్ పిల్లే తిప్పాలి. తిప్పుతూ పని పైకి చెప్పాలి, అదీ "ఎరుపు అయిపోగానే లేచి వెళ్ళి మోటారు స్విచ్ కట్టేస్తాను" అని పూర్తి వాక్యంలో. "ఇలా అయితే ఇలా చేస్తాను" అని సందర్భాన్ని, పనిని ముడిపెట్టి అనుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చూపించాయి. "గుర్తుంచుకుంటాను" అనిపించడం వల్ల లాభం లేదు, అందులో ఎప్పుడన్నదీ లేదు, ఏమిటన్నదీ లేదు. ఐదు నిమిషాలయ్యాక ఒకసారి కలిసి చూడండి: "చూశావా, ఇంతే పోయింది." ఆ మొదటి చూపే కాలం వేగాన్ని నేర్పేది. తర్వాత మీరు నోరు మెదపకూడదు. మధ్యలో మూడుసార్లు "చూశావా, చూశావా" అంటే ఇంక టైమర్ ఎందుకు, అమ్మే టైమర్. మూడుసార్లు అరిచే ఇంట్లో పిల్లలు మూడో అరుపుకి లేవడం నేర్చుకుంటారు. మొదటి రెండూ వాళ్ళ లెక్కలో అలారం కాదు.

మోటారు పని

దీన్ని విడిగా చెప్పాలి, ఎందుకంటే "అరగంట" అనేది ఎవరూ కొలిచి చెప్పిన లెక్క కాదు. ట్యాంకు 1000 లీటర్లదై, మోటారు నిమిషానికి 40 లీటర్లు ఎక్కిస్తే ఖాళీ ట్యాంకు నిండటానికి 25 నిమిషాలు. అదే సగం నీళ్ళుంటే పన్నెండున్నర. ముందు ఒక రోజు పెద్దవాళ్ళు ట్యాంకు ఖాళీ అయ్యాక మోటారు వేసి, పొంగే గొట్టంలోంచి మొదటి ధార వచ్చేదాకా కొలవాలి. వచ్చిన లెక్కలోంచి మూడు నిమిషాలు తీసేసి టైమర్‌కి పెట్టాలి. ఆ మూడు నిమిషాలు పిల్లవాడు లేచి, చెప్పులు వేసుకుని, స్విచ్ దాకా వెళ్ళడానికి. వేసవిలో బోరు నీటిమట్టం పడిపోయినా, వోల్టేజీ తగ్గినా నీళ్ళు నెమ్మదిగా ఎక్కుతాయి, కాబట్టి కాలం మారినప్పుడల్లా మళ్ళీ కొలుచుకోవాలి.

ఇక్కడ టైమర్ తప్పే సందర్భం ఒకటుంది, కరెంటు పోవడం. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, సెల్‌తో నడిచే టైమర్ ఆగదు. అది మోగుతుంది, కరెంటు లేదు కదా అని వాడు లేవడు. మామూలు స్విచ్ ఉన్న మోటారైతే కరెంటు రాగానే తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది, ట్యాంకు పొంగుతుంది. అందుకని పనిలో రెండో వాక్యం చేర్చాలి: "కరెంటు పోతే వెంటనే స్విచ్ కట్టేసి అమ్మకి చెప్తాను." ఫ్యాన్ ఆగడమే దానికి ఆనవాలు. ఈ రెండో వాక్యం ఎర్ర బిళ్ళ కంటే తేలిగ్గా గుర్తుంటుంది. ఇక స్విచ్ పని పదేళ్ళు దాటినవాళ్ళకే, పొడి చేతులతో, కాళ్ళకి చెప్పులతో. అంతకంటే చిన్నవాళ్ళ పని పెద్దవాళ్ళని పిలవడం వరకే.

ట్యాంకు సైరన్

"మీ ట్యాంకు నిండింది, దయచేసి మోటారు ఆపండి" అని హిందీలోనో ఇంగ్లీషులోనో వీధంతా వినబడేట్టు అరిచే ఆ డబ్బా అపార్ట్‌మెంట్లలో అందరికీ తెలిసిందే. చిన్న ప్రకటనలా ఉంటుంది గానీ, చేసే పని గొప్పది. గడియారం చూసుకోవాల్సిన పనిని పిలుపు వినాల్సిన పనిగా మార్చేస్తుంది. కరెంటు పోయినా, నీళ్ళు నెమ్మదిగా ఎక్కినా దాని లెక్క తప్పదు, అది కాలాన్ని కాదు, నీటిని చూస్తుంది. మోటారు ఒక్కదానికే ఏదైనా కొనాలనుకుంటే టైమర్ కాదు, ఇదే కొనండి.

తప్పేది సెన్సార్ దగ్గర. ట్యాంకు పై అంచున వేలాడే తీగల కొనలకి బోరు నీళ్ళ సున్నం పడుతుంది, తుప్పు కూడా పడుతుంది. అప్పుడు నిండినా అరవదు. రెండు నెలలకోసారి పెద్దవాళ్ళు పైకెక్కి కొనలని నిమ్మరసంతో రుద్ది కడగాలి. తీగలు మరీ పైన కడితే నీళ్ళు పొంగే గొట్టంలోంచి పోతూనే ఉంటాయి, సెన్సార్ దాకా చేరవు. పొంగే గొట్టం మట్టానికి నాలుగు వేళ్ళు కిందికి కట్టాలి. కొట్టువాడు ఈ మాట చెప్పడు.

మిగతా టైమర్లు

కీ తిప్పే కిచెన్ టైమర్, టమాటా ఆకారంలోనో గుడ్డు ఆకారంలోనో ఉండేది, పిల్లలకి ముద్దుగా ఉంటుంది. సెల్ అక్కర్లేదు, టిక్ టిక్ అంటూ కాలం నడుస్తున్నట్టు చెవికి చెప్తూ ఉంటుంది. కొందరు పిల్లలకి ఆ టిక్ టిక్ మేలు చేస్తుంది, కొందరికి చదువు సాగనివ్వదు. అందరూ చేసే పొరపాటు, 10 నిమిషాలు కావాలంటే నేరుగా 10 దాకా తిప్పి వదిలేయడం. లోపలి స్ప్రింగ్ సరిగ్గా బిగుసుకోక గంట మోగదు, మోగినా టంగుమని ఒక్కసారి మూలిగి ఊరుకుంటుంది. ముందు 55 దాకా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి 10కి తేవాలి. నిమిషం రెండు నిమిషాల తేడా ఎప్పుడూ ఉంటుంది. హోంవర్క్ మధ్య విరామానికి సరిపోతుంది, మోటారుకి వద్దు.

ఫ్రిజ్‌కి అతుక్కునే డిజిటల్ టైమర్ రెండు మూడు వందలకి వస్తుంది. చాలావాటిలో 99 నిమిషాల 59 సెకన్ల దాకా పెట్టొచ్చు. సెకను తప్పదు. కానీ పిల్లలకి అది చూపించేది 17:42 లాంటి అంకె మాత్రమే, ఎంత పోయిందో ఎంత ఉందో కంటికి తెలియదు. ఇంకో చిక్కు, మొదలు పెట్టే బటనే ఆపే బటన్ కూడా. "మొదలైందో లేదో" అని రెండోసారి నొక్కితే ఆగిపోతుంది. అంకెలు తిరుగుతున్నాయని చూసి నోటితో చెప్పాకే వదలమనాలి. సెల్ విషయంలో మాత్రం జాగ్రత్త. వీటిలో కొన్ని బిళ్ళ సెల్‌తో నడుస్తాయి. లిథియం బిళ్ళ సెల్ చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ట్రిపుల్-ఏ సెల్‌తో నడిచేదే తీసుకోండి. బిళ్ళ సెల్ తప్పదంటే మూతకి స్క్రూ ఉన్నదే కొనాలి.

ఇసుక గడియారం మూడు నుంచి ఆరేళ్ళ వాళ్ళకి. పళ్ళు తోముకోవడానికి రెండు మూడు నిమిషాలది, బొమ్మలు సర్దడానికి ఐదు నిమిషాలది. మోగదు కాబట్టి చూడాల్సిందే, ఆ లెక్కన మంచిదే. కానీ ఆ వయసు పిల్లలు ఇసుకని చూస్తూ కూర్చుంటారు, పని చేయరు. గాజుదైతే బాత్‌రూమ్ గచ్చు మీద పడటానికి ఎక్కువ రోజులు పట్టదు. ప్లాస్టిక్ తొడుగు ఉన్నది చూడండి.

చేతి గడియారం

ఇంట్లో లేనప్పుడు గోడ మీది టైమర్ ఎలా పనికొస్తుంది? ఐదున్నరకి ట్యూషన్, పిల్ల వీధిలో ఆడుకుంటోంది. అక్కడ చేతికున్నదే దిక్కు. క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ 1989 నుంచి వస్తున్న గడియారం, తేలిక, చిన్న చేతికి సరిపోతుంది, సెల్ ఏడేళ్ళు వస్తుందని కంపెనీ లెక్క. రోజుకి ఒక్క అలారం, ఆ పైన గంట గంటకీ ఒక బీప్. అలారం మోగేది 20 సెకన్లే, మళ్ళీ మోగదు. కబడ్డీ కూతలో ఆ 20 సెకన్లు వినబడకపోతే పోయినట్టే. కౌంట్‌డౌన్ లేదు, అంటే "ఇంకో ఇరవై నిమిషాలకి" అన్న పని దీనికి చెప్పలేం, "ఐదూ ఇరవైకి" అనే చెప్పాలి.

అలారం పెట్టడంలో పదిమందిలో తొమ్మిదిమంది చేసే తప్పు పీఎం గుర్తు చూడకపోవడం. ఎడమ కింది బటన్ ఒకసారి నొక్కితే అలారం తెర వస్తుంది. ఎడమ పై బటన్‌తో గంటలు ఎంచుకుని, కుడి బటన్‌తో పెంచుకుంటూ పోవాలి. వెనక్కి తగ్గించడం ఉండదు. 5 కనబడగానే ఆగిపోతారు, అది తెల్లవారుజాము ఐదు. ఇంకో పన్నెండుసార్లు నొక్కితే సాయంత్రం ఐదు వస్తుంది. మొత్తం ఇల్లు తెల్లారి లేచాక గానీ తెలియదు. గడియారాన్నే 24 గంటల పద్ధతిలోకి మార్చి 17:20 అని నేర్పితే ఈ గొడవ ఉండదు, రైల్వే టైము పిల్లలకి రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

పన్నెండేళ్ళు దాటినవాళ్ళకి, రోజుకి మూడు నాలుగు వేళలు గుర్తుండాల్సినవాళ్ళకి క్యాసియో ఏఈ-1200డబ్ల్యూహెచ్ నయం. ఐదు అలారాలు, కౌంట్‌డౌన్ రెండూ ఉన్నాయి. కాకపోతే ముఖం పెద్దది, సన్న చేతికి డబ్బాలా ఉంటుంది. చేతి మీద వణికే ఫిట్‌నెస్ బ్యాండ్లు గోల మధ్యలో కూడా తెలుస్తాయి, అది వాటి బలం. చార్జింగ్ పెట్టడం అనే ఇంకో గుర్తుంచుకోవాల్సిన పని తెచ్చిపెడతాయి, అది వాటి జబ్బు. చాలా స్కూళ్ళు స్మార్ట్ వాచీలు రానివ్వవు, ముందే కనుక్కోండి.

ఫోన్ అలారం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. గుర్తు చేసే వస్తువూ మరిపించే వస్తువూ ఒకటే అయితే ఏది గెలుస్తుందో అందరికీ తెలుసు. అమ్మ ఫోన్ పిల్ల చేతికి ఇవ్వకుండా బీరువా మీద పెట్టి మోగిస్తే పనికొస్తుంది. అప్పుడు అలారం పేరు పెట్టే చోట తెలుగులో, "ట్యూషన్" అని కాదు, "చెప్పులేసుకో, బ్యాగ్ తీసుకో" అని రాయండి. మోత విని తెర చూసేసరికి చేయాల్సిన మొదటి కదలిక కనబడాలి.

టైమర్ అసలు పనికిరాని పనులు

స్కూల్ ఎక్స్‌కర్షన్‌కి నాన్న సంతకం పెట్టిన కాగితం టీచర్‌కి ఇవ్వాలి. ఇది ఎన్ని గంటలకి అంటే ఎవరూ చెప్పలేరు. టీచర్ కనబడినప్పుడు ఇవ్వాలి, అంతే. కాగితం బ్యాగ్ అడుగున డైరీలో ఉంటుంది, సాయంత్రం అలాగే ఇంటికొస్తుంది. దీనికి ఏ టైమర్ కొన్నా డబ్బు దండగే. అర్ధరూపాయి రబ్బరు బ్యాండు చాలు. తరగతిలో అందరికంటే ముందు చేతికొచ్చే వస్తువు ఏదో చూసి దానికి చుట్టండి. డైరీ మొదటి పీరియడ్‌లో తీస్తే డైరీకి, పెన్సిల్ బాక్స్ ముందు తీస్తే దానికి. లంచ్ బాక్స్‌కి చుడితే మధ్యాహ్నం గుర్తొస్తుంది, అప్పటికి క్లాస్ టీచర్ వేరే తరగతిలో ఉంటారు. ఆనవాలు ఉండాల్సింది పని చేయగలిగే చోటే, చేయగలిగే వేళకే.

తెల్ల బోర్డు మీద రాసి ఫ్రిజ్ పక్కన తగిలించడం చాలా ఇళ్ళలో ఉంది. వారం దాటితే కళ్ళకి అది గోడే. ఏడు పనులు రాయకండి, రేపటిది ఒక్కటే రాయండి, అయిపోగానే పిల్ల చేతే తుడిపించండి. మిగతా రోజుల్లో బోర్డు ఖాళీగా ఉంటేనే, రాసిన రోజు కనబడుతుంది.

కుక్కర్ విజిళ్ళ లెక్క కూడా టైమర్ పని కాదు. "మూడు విజిళ్ళు రాగానే పిలువమ్మా" అంటే పిల్లకి విజిల్ వినబడుతుంది, ఎన్నోదన్నదే పోతుంది. మూడు చింతపిక్కలు గట్టు మీద పెట్టి, ప్రతి విజిల్‌కీ ఒకటి గిన్నెలో వేయమనండి. గట్టు ఖాళీ అయితే పిలుపు. పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు ఏ డిజిటల్ కౌంటర్‌కీ తీసిపోదు.

ఎప్పుడు తీసేయాలి

నాలుగైదేళ్ళ పిల్లకి ఇసుక గడియారం, ఆ పైన వయసుకి ఎర్ర బిళ్ళ, మూడో తరగతి దాటి గడియారం చూడటం వచ్చాక చేతి గడియారం: కొనాలంటే ఈ వరసలో కొనండి, ఒకేసారి అన్నీ వద్దు. మందులు మాత్రం, సిరప్ అయినా ఇన్‌హేలర్ అయినా, ఏ టైమర్ కొన్నా పిల్లల మీద వదిలేయొద్దు. పిల్ల గుర్తు చేస్తే మంచిదే, లెక్క చూసుకోవాల్సింది పెద్దవాళ్ళు.

ఎర్ర బిళ్ళ టైమర్‌కి మోత ఆపే స్విచ్ ఉండాలని చెప్పింది ఇందుకే. రెండు వారాలు మోతతో వాడాక, తప్పితే నష్టం లేని పనులు ఏరుకోండి: మొక్కలకి నీళ్ళు, అరగంట ఆట తర్వాత హోంవర్క్, కార్టూన్ ఆపడం. వాటికి మోత తీసేసి బిళ్ళ మాత్రం ఉంచండి. పిల్ల ఒకటి రెండుసార్లు ఆలస్యంగా లేస్తుంది, లేవనివ్వండి. ఆ తర్వాత తల తిప్పడం మొదలవుతుంది, ముఖ్యంగా చివరి ఐదు నిమిషాల్లో. అది నెల రోజులు నిలబడితే బిళ్ళని కూడా తీసేసి, గోడ గడియారం వంక చూపించి "పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చేసరికి" అని చెప్పి చూడండి. మళ్ళీ మర్చిపోతుంటే ఒక మెట్టు వెనక్కి, బిళ్ళ మళ్ళీ బల్ల మీదికి.

మోటారుకి మాత్రం మోత తీయొద్దు. పైన సైరన్ ఉన్నా సరే, సెన్సార్ తీగకి సున్నం పట్టిన సంగతి ట్యాంకు పొంగాకే తెలుస్తుంది.